గోల చేసినంత మాత్రమున మాట ఆగునా?

(వాక్య పాఠము)

చదువవలసిన వాక్యభాగములు: అపొస్తలుల కార్యములు 7:51–60, 19:23–41, మార్కు 10:46–52.
కంఠస్థము చేయవలసిన వాక్యము: 2 తిమోతి 2:9.



ఏటి ఆవలి గట్టున నిలిచి ఒకడు మనలను కేక వేయుచున్నాడనుకొందము. అతడు చెప్పునది మంచి వార్తయో చెడు వార్తయో మనకింకను తెలియదు. వినుటకు చెవి యొగ్గితిమి. ఇంతలో మన ఊరి పెద్ద నలుగురిని పంపి, పిట్టలను తోలు రేకు డబ్బాలను మన చెవి ప్రక్కనే వాయింపజేసెను. ఆవలి మనుష్యుడు కేక వేయుట మానలేదు; అతని నోరు ఎవడును మూయలేదు. అయినను డబ్బాల మ్రోత తప్ప మనకు మరేమియు వినబడలేదు. ఊరి పెద్ద అతనికి జవాబు చెప్పెనా? లేదు. అతని మాట అబద్ధమని ఋజువు చేసెనా? లేదు. మనము వినకుండ మాత్రము చేసెను.

ఇరువదియవ శతాబ్దములో అనేక ప్రభుత్వములు రేడియో విషయములో సరిగా ఈలాగే చేసినవి. దానికి జామింగు అని పేరు. ఈ నెల పాఠములో ఆ జామింగు సంగతి కొంత తెలిసికొని, దానిని దేవుని వాక్యపు వెలుగులో ధ్యానించుదము.

1. జామింగు అనగానేమి?

షార్టువేవు రేడియోను మన పల్లెల పెద్దలు ఎరుగుదురు. కరెంటు లేని ఇంటిలో సహితము బ్యాటరీలతో పలికెడి పెట్టె అది. ముల్లును వెండ్రుకవాసి జరిపినయెడల ఒక దేశము పోయి మరియొక దేశము పలికెడిది. సేషెల్సు ద్వీపములనుండి ఫీబా రేడియోవారి సువార్త ప్రసారములు 2003 వరకు షార్టువేవు మీదనే మన దేశమునకు వచ్చెడివి. వాటిలో తెలుగు కార్యక్రమములును ఉండెడివి.

సుమారు 10 మీటర్లు మొదలు 100 మీటర్ల వరకు పొడవుగల రేడియో తరంగములను షార్టువేవు అందురు. భూమికి పైన ఎంతో ఎత్తున, సూర్యరశ్మిచేత విద్యుత్తు కణములతో నిండిన ఒక పొర యున్నది. ఈ తరంగములు ఆ పొరను తాకి, గోడకు కొట్టిన బంతివలె తిరిగి భూమి మీదికి వచ్చును. కాబట్టి ఒక దేశములో పలికిన మాట సముద్రములను, పర్వతములను, సరిహద్దు కంచెలను దాటి వేల కిలోమీటర్ల దూరమున వినబడును. పుస్తకమును సరిహద్దున పట్టుకొనవచ్చును, మనుష్యుని పట్టుకొనవచ్చును, తరంగమును పట్టుకొనుటకు ఏ కావలివానికిని చేతకాదు.

అందుచేత ప్రభుత్వములు వేరొక ఉపాయము కనుగొనినవి. బయటి స్టేషను ఏ తరంగము మీద మాటలాడుచున్నదో తెలిసికొని, అదే తరంగము మీద తామును ఒక స్టేషను నడిపి, మాటకు బదులుగా రంపపు కోతవంటి చప్పుడు పంపెడివి. ఈ జామింగు రెండు విధములు. దూరమున పెద్ద యంత్రము పెట్టి, దాని చప్పుడు కూడ ఆకాశపు పొరను తాకి విశాల ప్రదేశముమీద పడునట్లు చేయుట మొదటి విధము. పట్టణముల మధ్య చిన్న యంత్రము పెట్టి, ఆ పట్టణమువరకు చప్పుడు క్రమ్మునట్లు చేయుట రెండవ విధము.

ఒక విచిత్రము గమనించుడి. దేనిని ఆపవలెనో తెలియుటకు ప్రభుత్వోద్యోగులు కొందరు రాత్రింబగళ్లు కూర్చుండి, ఆ బయటి స్టేషనులను వెదకి వెదకి వినవలసి వచ్చెను. ప్రజలు వినకూడని దానిని ఆపువారే అందరికంటె ముందు వినుచుండిరి!

2. జరిగిన చరిత్ర

1946 మార్చి 24న బీబీసీవారు రష్యను భాషలో ప్రసారములు ఆరంభించిరి. 1947 ఫిబ్రవరి 17న వాయిస్ ఆఫ్ అమెరికావారును ఆరంభించిరి. 1948లో సోవియట్ ప్రభుత్వము వీటిమీద జామింగు మొదలుపెట్టెను. 1953 మార్చి 1న, తరువాత రేడియో లిబర్టీ అని పిలువబడిన స్టేషను మొదటిసారి పలికినప్పుడు, కొద్ది నిమిషములలోనే దానిమీద గోల పడెను. 1988 నవంబరు వరకు, అనగా 35 సంవత్సరములకు మించి, ఆ గోల దానిని విడువలేదు.

బీబీసీ, వాయిస్ ఆఫ్ అమెరికాల మీద మాత్రము గోల కొంతకాలము ఆగుచు, కొంతకాలము సాగుచు ఉండెను. 1963లో ఆగెను. 1968 ఆగస్టులో సోవియట్ సైన్యములు చెకొస్లొవాకియాలో ప్రవేశించినప్పుడు మరల మొదలాయెను. 1973లో ఆగెను. 1980 ఆగస్టులో పోలెండు కార్మికులు సమ్మె చేసినప్పుడు మరల మొదలాయెను. 1987లో ఆగెను. ఈ సంవత్సరములను ప్రక్క ప్రక్కన పెట్టి చూడుడి. పాలకులకు భయము ఎక్కువైనప్పుడెల్ల గోల ఎక్కువాయెను. భయము తగ్గినప్పుడు గోల తగ్గెను. గోల బలమునకు గురుతు కాదు, భయమునకు గురుతు.

ప్రజలకు ఈ చప్పుడు ఎంత భారమాయెనో పోలెండులో తెలియవచ్చెను. 1956 జూన్ 28న పోజ్నాన్ పట్టణ కార్మికులు రొట్టెయు స్వేచ్ఛయు కావలెనని వీధులకు వచ్చినప్పుడు, ఒక ప్రభుత్వ భవనము మీదికెక్కి, అచ్చటి జామింగు యంత్రములను క్రిందికి పడద్రోసిరి. ఆకలిగొన్నవారు రొట్టెను మాత్రమే గాక మాటను కూడ కోరిరి. ఆ సంవత్సరము ముగియకముందే పోలెండు ప్రభుత్వము తన దేశములో జామింగు మానుకొనెను.

అయితే మనము న్యాయముగా మాటలాడవలెను. ఈ పాపము ఒక్క పక్షమువారిదే కాదు. 1950 డిసెంబరు 14న ఐక్యరాజ్య సమితి సర్వసభ్య సభ రేడియో ప్రసారములను అడ్డుట తప్పని తీర్మానించెను. అయినను 1956లో సైప్రసు ద్వీపమును ఏలుచున్న బ్రిటీషు ప్రభుత్వము, గ్రీకు దేశపు ఏథెన్సు రేడియో ఆ ద్వీపములో వినబడకుండ తానును జామింగు చేసెను. తన ప్రసారములమీద గోల పడినప్పుడు అన్యాయమని చెప్పిన దేశమే, తనకు నచ్చని మాట వచ్చినప్పుడు ఆ గోలనే చేసెను. మరియు ప్రసారము చేసినవారందరు నిష్కపటులని చెప్పలేము. రేడియో లిబర్టీ వెనుక అమెరికా గూఢచారి శాఖవారి ధనము అనేక సంవత్సరములు రహస్యముగా ఉండెనని తరువాత బయటపడెను. కాబట్టి రేడియోలో వచ్చిన ప్రతి మాట సత్యమని మనము చెప్పుట లేదు. సత్యమో అసత్యమో పరీక్షింపవలసినది విన్నవాడు. అతడు పరీక్షించుటకు ముందే గోల చేయుట దానికి జవాబు కాదు. ఇదియే ఈ పాఠములోని ముఖ్యాంశము.

3. వాక్యములో మూడు గోలలు

రేడియో పుట్టకముందే జామింగు పుట్టినది. పరిశుద్ధ గ్రంథములో దానిని మూడు చోట్ల చూడగలము.

మొదటిది, యెరూషలేములో. స్తెఫను మహాసభ యెదుట నిలిచి పితరుల చరిత్ర అంతయు చెప్పెను. ఆ సభలో ధర్మశాస్త్ర పండితులుండిరి. అతని మాట తప్పయినయెడల లేఖనములు తెరచి ఖండింపగల నేర్పు వారికి కలదు. వారట్లు చేయలేదు. పెద్ద కేకలు వేసి, చెవులు మూసికొని, అతనిమీద పడిరి (అపొ. 7:57). కేక ఎందుకు? చెవులు మూసికొనినను సత్యము లోపలికి వచ్చునేమోయని భయము. ఆ దినమున సాక్షుల వస్త్రములను కాచుచు సౌలు అను యౌవనుడు అక్కడ ఉండెను. స్తెఫను మాట ఆ గోలలో మునిగిపోయెనని అందరు తలంచిరి. కాని కొంతకాలమునకు ఆ సౌలే దమస్కు మార్గమున నేలబడి, వేరొక స్వరమునకు లోబడి, స్తెఫను సాక్ష్యమిచ్చిన ప్రభువునే లోకమంతట ప్రకటించెను.

రెండవది, ఎఫెసులో. దేవతకు వెండి గుళ్లు చేయించి లాభము పొందుచున్న దేమేత్రియను కంసాలి, పౌలు బోధవలన తన వృత్తి పడిపోవునని జనులను రేపెను. అలెక్సంద్రు జవాబు చెప్పుటకు చెయ్యి చూపగా, జనసమూహము రెండు గంటలసేపు ఒకే కేక వేసెను (అపొ. 19:33, 34). తామెందుకు కూడివచ్చిరో వారిలో చాలమందికి తెలియదని లూకా వ్రాయుచున్నాడు. ఎంత సత్యము! గోల చేయువారిలో అధికులకు దేనికొరకు గోల చేయుచున్నారో తెలియదు. తెలిసినవాడు ఒక్క దేమేత్రియే, అతనికి తెలిసినది తన లాభము.

మూడవది, యెరికో త్రోవలో. గ్రుడ్డివాడైన బర్తిమయి యేసును పిలిచినప్పుడు అనేకులు అతనిని ఊరకుండుమని గద్దించిరి (మార్కు 10:48). వీరెవరు? మహాసభవారు కారు, విగ్రహములు చేయువారు కారు. యేసుతోకూడ నడుచుచున్నవారు! ఈ మూడవ గోలను మరువకుడి. పాఠము చివర దానియొద్దకు మరల వత్తము.

4. విన్నవారి ప్రయాస

జామింగు ఉన్న దేశములలో జనులు వినుట మానిరా? మానలేదు. పట్టణమధ్య పెట్టిన చిన్న యంత్రముల చప్పుడు కొద్ది దూరమే పోవును గనుక, కొందరు రేడియో తీసికొని పల్లెలకు పోయి వినెడివారు. పట్టణములో వినబడని స్వరము పొలముగట్టున వినబడెను. సాయంకాల సంధ్యవేళ మరియొక సహాయము దొరకెడిది. సూర్యుడు క్రుంకునప్పుడు తూర్పున ఆకాశము ముందుగా చీకటి పడును, పడమట ఇంకను వెలుగుండును. చిన్న తరంగములను త్రిప్పి పంపుటకు ఆకాశపు పొరకు ఆ వెలుగు కావలెను. కాబట్టి తూర్పుననున్న పెద్ద యంత్రపు చప్పుడు ఆ గడియలో సరిగా చేరక, పడమటనుండి వచ్చు మాట స్పష్టముగా వినబడెడిది. ఎరిగినవారు ఆ గడియకొరకు కనిపెట్టుకొని యుండెడివారు.

అట్లు విన్నవానిలో దేవుని వాక్యమును ఉండెను. ఈక్వడోరు దేశములోని కీటోనుండి 1931 క్రిస్మసు దినమున ఆరంభమైన హెచ్.సి.జె.బి. అను క్రైస్తవ స్టేషను 1941 నుండి రష్యను భాషలో సువార్త ప్రకటించెను. లండనులో నివసించిన మెట్రోపాలిటను ఆంథోనీ అను రష్యా సంఘాధ్యక్షుడు బీబీసీ ద్వారా తన జనులతో ప్రార్థననుగూర్చి, విశ్వాసమునుగూర్చి మాటలాడెను. ఫార్ ఈస్ట్ బ్రాడ్‌కాస్టింగు కంపెనీవారి స్టేషను 1948 జూన్ 4న మనీలాలో ఆరంభమాయెను. బైబిలు దొరకని చీనా దేశపు విశ్వాసులకొరకు వారు లేఖన భాగములను మెల్లగా, మాట మాటకు ఆగుచు చదివించెడివారు. ఎందుకు? వినువారు కాగితముమీద వ్రాసికొనుటకు. ఒక్కొక్క వచనము చెవిద్వారా వచ్చి చేతిద్వారా పుస్తకమాయెను. మన ఇండ్లలో అలమరలో దుమ్ము పట్టిన బైబిలును ఒకసారి జ్ఞాపకము చేసికొనుడి.

వినుటకు కొందరు ఇంతకంటె గొప్ప వెల చెల్లించిరి. 1939 సెప్టెంబరు 1న జర్మనీలోని నాజీ ప్రభుత్వము విదేశ రేడియో వినుటయే నేరమని శాసించెను. హాంబర్గు పట్టణమున హెల్ముట్ హ్యూబెనర్ అను బాలుడు షార్టువేవులో బీబీసీ విని, విన్న సంగతులను కాగితములమీద ముద్రించి పంచిపెట్టెను. 1942 అక్టోబరు 27న అతనిని శిరచ్ఛేదము చేసిరి. అప్పటికి అతనికి 17 ఏండ్లు. సత్యము తెలిసినవాడు దానిని తనలోనే దాచుకొనకూడదని ఆ బాలుడు తలంచెను.

అల్బేనియా దేశము 1967లో మందిరములన్నిటిని మూసివేసి, తాను నాస్తిక రాజ్యమని చెప్పుకొనెను. ఆ ప్రభుత్వము పడిపోయిన తరువాత, 1990 దాటిన దశాబ్దములో, అల్బేనియా నేలమీది ట్రాన్స్‌మిటర్లనుండియే ట్రాన్స్ వరల్డ్ రేడియోవారు సువార్త ప్రసారములు చేసిరి. పౌలు రోమా చెరలోనుండి తిమోతికి వ్రాసినది ఇదియే గదా: తనకు సంకెళ్లు పడినను వాక్యమునకు సంకెళ్లు పడవని.

5. మనకు పాఠము

ఇప్పుడు మన సంగతి చూచుకొందము.

(అ) మనకు దొరకిన వాక్యమును వినుచున్నామా? మన చేతిలో తెలుగు బైబిలు ఉన్నది. దానిని చదువుటకు పొలముగట్టుకు పోవలసిన పని లేదు, సంధ్యవేళకొరకు కాచుకొనవలసిన పని లేదు. అయినను ఉదయము లేచినది మొదలు చేతిలోని ఫోను, గోడనున్న టీవీ, ఇంటిలోని తగవు, మనస్సులోని అప్పుల చింత మన చెవులను క్రమ్ముచున్నవి. ప్రభుత్వము పెట్టని జామింగు యంత్రమును మనమే కొని తెచ్చి నట్టింట పెట్టుకొన్నాము. యేసు ఇంకను చీకటి యుండగానే లేచి అరణ్య ప్రదేశమునకు వెళ్లి ప్రార్థించెను (మార్కు 1:35). మనమును చప్పుడు తగ్గిన ఒక గడియను వెదకి పట్టుకొనవలెను.

(ఆ) మనకు నచ్చని మాట వచ్చినప్పుడు ఏమి చేయుదుము? మన విశ్వాసమును విమర్శించువాడు వచ్చినప్పుడు గోల చేయుట మన పని కాదు. బెరయవారు విని, ప్రతిదినము లేఖనములు పరిశోధించిరి (అపొ. 17:11). పేతురు మన నిరీక్షణకు హేతువు అడిగినవానికి సాత్వికముతో సమాధానము చెప్పుటకు సిద్ధముగా ఉండుమని చెప్పెను (1 పేతురు 3:15). సమాధానము ఉన్నవానికి గోల అక్కరలేదు.

(ఇ) మనము ఎవరిమీద గోల చేయుచున్నాము? ఇది కష్టమైన ప్రశ్న. అయినను అడుగక తప్పదు. సంఘ సమావేశములో ఒక బీద విధవరాలు లేచి కానుకల లెక్క అడుగును. ఆమెకు లెక్క చూపుట ఒక మార్గము. కాని నలుగురు ఒక్కసారి గొంతెత్తి, "కూర్చో అమ్మా, ఇది నీ పని కాదు" అందురు. లేదా ఎవరో ఒకరు గబగబ పాట ఎత్తుదురు, అందరు చప్పట్లు కొట్టుదురు, ఆమె కూర్చుండిపోవును. ఆ పాట దేవునికి స్తుతియా, జామింగా? అవతలి పేటవారు మాటలాడినప్పుడు ఇవతలి పేటవారు గొణుగుట, యౌవనులు సందేహము అడిగినప్పుడు పెద్దలు గద్దించుట, ఆలోచన చెప్పిన స్త్రీని ఎగతాళి చేయుట, ఇవన్నియు రేకు డబ్బాలే. మన మందిరపు మైకును రాత్రి పొద్దుపోవువరకు మ్రోగించి, ప్రక్క ఇంటి రోగిని నిద్రపోనీయకపోయినయెడల, సువార్త పేరట మనము చేసినదియు గోలయే.

యెరికో త్రోవలో బర్తిమయిని గద్దించినవారు యేసుకు శత్రువులు కారని చూచితిమి. వారు ఆయన ప్రయాణము ఆటంకము లేక సాగవలెనని కోరియుందురు. ఆయన గౌరవమును కాపాడుచున్నామనుకొనియుందురు. సంఘములో గోల చేయువారు సాధారణముగా ఇట్లే తలంతురు. కాని యేసు ఏమి చేసెను? ఆయన నిలిచెను. అంత జనసమూహపు సందడిలో ఒక్క భిక్షకుని గొంతు ఆయనకు వినబడెను. తరువాత వానిని పిలువుడని ఆ జనులతోనే చెప్పెను. ఊరకుండుమన్న నోళ్లతోనే ధైర్యము తెచ్చుకొమ్మని చెప్పించెను. ప్రభువు జామింగు యంత్రమును పగులగొట్టలేదు. దానినే తన పిలుపునకు సాధనముగా మార్చెను. మన నోళ్లను కూడ ఆయన ఆలాగు మార్చగలడు.

ప్రియులారా, మీలో ఎవరి మాటనైనను మనుష్యులు వినకుండ చేసియుందురేమో. ఇంటిలోగాని, ఊరిలోగాని, సంఘములోనేగాని మీరు మాటలాడినప్పుడెల్ల గోల లేచియుండును. మీకు ఇది ఆదరణగా ఉండును గాక: చెవిని కలుగజేసినవాడు వినకుండునా అని కీర్తనకారుడు అడుగుచున్నాడు (కీర్తన 94:9 చూడుడి). ఏ ప్రభుత్వపు యంత్రమును, ఏ జనసమూహపు కేకయు క్రమ్మలేని చెవి ఒకటి కలదు. ఆ చెవి మీ తట్టు ఒగ్గియున్నది.

సంభాషణకు ప్రశ్నలు

1. స్తెఫను మాట వినినవారు అతనికి జవాబు చెప్పక కేకలు ఎందుకు వేసిరి? మనము ఎప్పుడైనను అట్లు చేసితిమా?
2. ఎఫెసు గోల వెనుక ఎవరి లాభము ఉండెను? మన ఊరి తగవులలో గోల వెనుక ఎవరి లాభము ఉన్నది?
3. వాక్యము చదువుటకు మన ఇంటిలో చప్పుడు తగ్గిన గడియ ఏది? దానిని ఎట్లు కాపాడుకొందము?
4. మన సంఘములో ఇంతవరకు మాట వినబడనివారు ఎవరు? వచ్చే సమావేశములో వారి మాట మొదట వినుటకు ఏమి చేయుదము?

ప్రార్థన

ప్రభువా, నీ స్వరము వినుటకు మాకు ఓపిక గల చెవులు దయచేయుము. మేము మూయించిన నోళ్ల విషయమై మమ్మును క్షమించుము. వాక్యము దొరకని దేశములలో దాని కొరకు కనిపెట్టువారిని బలపరచుము. బర్తిమయి కొరకు నిలిచినట్లు మా మధ్యను నిలువుము. ఆమేన్.